గ్రామున్నర పొడి, దీవెనమ్మ సీసా

ముప్పై ఏళ్లకు పైగా తాడేపల్లిగూడెంలో ఒక స్క్వాష్ కంపెనీలో పనిచేశాను. మొదట సీసాలు కడిగాను. తర్వాత రసం కలిపే గదిలో వేశారు. అక్కడే రిటైరయ్యాను. ఆ జీతం పనితో పాటు ఇంకో పని కూడా చేశాను. ఇంట్లో నల్లద్రాక్ష పులియబెట్టి, కొల్లేటి లంకలో మా పుట్టింటివాళ్ల చర్చికి బల్ల కోసం ద్రాక్షారసం పంపేదాన్ని. బల్ల అంటే నెల మొదటి ఆదివారం సంఘమంతా రొట్టె, రసం పుచ్చుకునే ఆరాధన. మా అమ్మ చేసేది. ఆవిడ తర్వాత నేను చేశాను.

ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. తూకం కుదరడం లేదు. ఏలూరు నుంచి మా సంఘం ఆడపిల్లలు నలుగురు నేర్చుకుంటామని వచ్చారు. "అమ్మమ్మగారూ, కొలతలు చెప్పండి, ఫోనులో రాసుకుంటాం" అన్నారు. కొలతలు సగం కాగితానికి సరిపోతాయి, రాసిచ్చేశాను. ఆ కొలతలు నాకెలా వచ్చాయో మాత్రం ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను. చర్చికి కావలసినంతే చెయ్యండి. ఒక సీసా ఎక్కువ చేసి ఎవరికైనా అమ్మారని విన్నానంటే ఈ కాగితాలు వెనక్కి తీసుకుంటాను.

పొడి

ద్రాక్షరసాన్ని ఊరికే వదిలేస్తే అదే పులుస్తుంది. పులవడంతో ఆగదు, వెనిగర్ అయిపోతుంది. మన వేడికి, మన తేమకి ఇంకా తొందరగా అవుతుంది. దాన్ని ఆపేది పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే తెల్లటి పొడి. కంపెనీలో కేఎంఎస్ అనేవాళ్లం. రసంలో పడితే అందులోంచి గంధకం వాయువు పుడుతుంది. అది చెడ్డ క్రిముల్ని అణిచిపెడుతుంది, రంగు మారనివ్వదు. కాయ చిదిపినప్పుడు కొంచెం వేస్తాం. పులిశాక, అడుగున మడ్డి వదిలేసి పైన తేట తీసినప్పుడు కొంచెం వేస్తాం. సీసాల్లోకి ఎత్తేముందు చూసుకుని, అవసరమైతే ఇంకొంచెం.

ఆ "కొంచెం" అన్న మాటతోనే నా జీవితంలో పెద్ద తప్పు చేశాను.

శెట్టిగారి చెయ్యి

మా కంపెనీ యజమానిని అందరం శెట్టిగారనే అనేవాళ్లం. మంచి మనిషి. పనివాళ్లలో ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయన కారే గుమ్మంలోకి వచ్చేది. కానీ ఆయనకొక భయం ఉండేది. ఎండాకాలంలో స్క్వాష్ సీసా పొంగి మూత ఎగిరిపోతే, దుకాణం వాడు దాన్ని వెనక్కి పంపేవాడు. వెనక్కి వచ్చిన సీసాను చూస్తే ఆయనకు అన్నం దిగేది కాదు.

"మరియమ్మా, పొడి వేశావా?"

"వేశానండి."

"ఇంకో చిటికెడు వెయ్యమ్మా. చిటికెడుకి ఏమైపోతుంది?"

అలా రోజుకు నాలుగుసార్లు అనేవారు. నేను వేసేదాన్ని. మంచి యజమాని చెబితే చెడ్డ అలవాటైనా ప్రేమగా నేర్చుకుంటాం. నా చేతికి ఆ చిటికెడు అలవాటైపోయింది. కంపెనీలో వేసిన చెయ్యే ఇంటిదగ్గర చర్చి జాడీలోనూ వేసింది.

నాకు చదువు రాదని కంపెనీలో ఎవరికీ తెలియదు. చక్కెర సంచి ఎర్రది, కేఎంఎస్ డబ్బా మీద నీలం గీత, రంగు డబ్బా మీద పండు బొమ్మ. అలా గుర్తుపెట్టుకుని ఇరవై ఏళ్లు లాగించేశాను. రిజిస్టరులో సంతకం చెయ్యమంటే చెయ్యి తడిగా ఉందని వేలిముద్ర వేసేదాన్ని. రసం గదిలో చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఘాటు

కేఎంఎస్ పొడి కదలకుండా ఉన్నా బలం తగ్గిపోతుంది. డబ్బా మూత తీసి పెట్టేకొద్దీ, వానాకాలం తేమ తగిలేకొద్దీ గడ్డకట్టి సత్తువ పోతుంది. నా ఇంటి డబ్బా ఎన్నేళ్లదో నాకే తెలియదు. మొదట్లో ఇరవై లీటర్ల జాడీకి చిన్న చెంచాలో పావు వేసేదాన్ని. రసం ఒకసారి పాడయింది. తర్వాతి ఏడు అర చెంచా వేశాను. ఆ పైయేడు చెంచా నిండా వేశాను. రసం నిలిచింది. నిలిచింది కాబట్టి అదే కొలత అనుకున్నాను.

తర్వాత ఆ డబ్బా అయిపోయింది. కొత్తది తెచ్చాను. పాతదాని మీదున్నట్టే నీలం గీత ఉంది. మూత తియ్యగానే ముక్కులోకి అగ్గిపుల్ల గీసినట్టు కొట్టింది. 'మంచి సరుకు' అనుకున్నాను. చెంచా నిండా తీశాను. శెట్టిగారి మాట గుర్తొచ్చి పైన ఇంకో చిటికెడు వేశాను. కాయ చిదిపినప్పుడు ఒకసారి, తేట తీసినప్పుడు ఒకసారి, సీసాలకెత్తేముందు ఇంకోసారి.

ఆ ఏడు లంకనుంచి కబురొచ్చింది. "మరియమ్మ రసం ఈసారి భలే ఘాటుగా ఉందండి, గొంతులో దిగుతుంటే తెలుస్తోంది" అని. నేను మురిసిపోయాను. తాగినవాళ్లూ పుణ్యం తగిలినట్టే అనుకున్నారు. ఆ ఘాటు గంధకానిదని వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

వెనక చాప

నేను గూడెంలో ఉండేదాన్ని కాబట్టి ప్రతి నెలా లంకకు వెళ్లేదాన్ని కాదు. సీసాలు ఏలూరు బస్సులో పంపేదాన్ని. నాలుగు నెలల తర్వాత ఒక మొదటి ఆదివారం వెళ్లాను. ఆరాధనలో చూస్తే దీవెనమ్మ వెనక, చెప్పులు విడిచే చోటుకి దగ్గరగా చాప మీద కూర్చుని ఉంది.

దీవెనమ్మ నాకు వరసకు అక్క కూతురు. బాతులు మేపుకుంటుంది. మనిషి సన్నం, గొంతు పెద్దది. పాటలో ముందు వరసలో ఆవిడ గొంతే వినపడాలి. అలాంటిది ఆ రోజు పెదాలు కదులుతున్నాయి, పాట రావడం లేదు. బల్లకు అందరూ లేచారు. ఆవిడ లేవలేదు.

బయటికొచ్చాక చెయ్యి పట్టుకున్నాను. "ఏమే, బల్లకు రాలేదేం?"

"నాకు పడదు పిన్నీ."

"ఏం పడదు?"

"బల్ల పడదు."

మా సంఘంలో ఒక నమ్మకం ఉంది. మనసులో తప్పు దాచుకుని బల్ల దగ్గరికి వెళ్తే, ఆ రసం మనిషిని పట్టుకుంటుందని. దీవెనమ్మకు చిన్నప్పటినుంచి ఉబ్బసం. కానీ రసం తాగిన మరుక్షణం రావడం ఎప్పుడూ లేదు. మొదటి నెల గిన్నె నోటికి తగలగానే ఊపిరి ఆడక కూలబడిపోయింది. జనం ఆశ్చర్యపోయారు. రెండో నెలా అంతే అయింది. ఈసారి ఆశ్చర్యపోలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో నెలనుంచి తనే వెనక్కి వెళ్లి కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు.

"ఏం తప్పు చేశావే?" అన్నాను. అడగకూడని మాట, అయినా అడిగాను.

"అదే తెలియట్లేదు పిన్నీ. రోజూ గుర్తు చేసుకుంటున్నా. పన్నెండేళ్ల కిందట సుగుణమ్మ బాతొకటి నా మందలో కలిసిపోయింది. తెలిసే ఊరుకున్నా. కూర వండేశా. అదేనేమో అని మొన్న నా మందలో మంచి బాతు తీసుకెళ్లి ఇచ్చేశా. ఆవిడకి అసలు గుర్తే లేదు. 'ఎందుకే ఇది' అంటే 'తీసుకో అక్కా' అని వచ్చేశా. అయినా భయంగానే ఉంది. ఇంకేదో ఉందేమో, నేను మర్చిపోయానేమో."

చెబుతూ నవ్వింది. నవ్వుతున్నా కళ్లు నిండాయి. నాకు నవ్వు రాలేదు. "ఎలా ఉంటుందే, తాగినప్పుడు?" అని అడిగాను.

"అగ్గిపుల్ల వాసన పిన్నీ. ఛాతీలో ఎవరో చెయ్యి పెట్టి మూసేసినట్టు."

అగ్గిపుల్ల అనగానే నాకు కొత్త డబ్బా మూత గుర్తొచ్చింది. ఆవిడకు మాత్రం ఏమీ చెప్పలేదు. చర్చిలో మిగిలిన సీసా ఒకటి అడిగి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నీలం రంగు

కంపెనీకి అప్పటికి కొత్తగా వసుంధరగారని కెమిస్టు వచ్చారు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. మాట మెత్తన, చూపు గట్టిది. మర్నాడు పొద్దున్నే సీసా ఆవిడ ముందు పెట్టాను.

"ఇందులో పొడి ఎంతుందో చూసి పెడతారా మేడమ్ గారూ?"

ఆవిడ కొంచెం రసం తీసి నీళ్లు కలిపి పలచన చేశారు. కొద్దిగా గంజి నీళ్లు పోశారు. అయోడిన్ చుక్కలు చుక్కలుగా వేస్తూ కలిపారు. సల్ఫైట్ ఉన్నంతసేపూ అది అయోడిన్‌ని మింగేస్తుంది, రంగు తిరగదు. సల్ఫైట్ అయిపోగానే గంజి నీలం అవుతుంది. ఎన్ని చుక్కలకు నీలం వస్తే అంత పొడి ఉన్నట్టు. ఆవిడ వేస్తున్నారు, వేస్తూనే ఉన్నారు. నీలం రాదు. నేను ఆ గాజు పాత్రనే చూస్తూ నిలబడ్డాను. ఎప్పటికో నీలం తిరిగింది.

"ఎంత వేశారండీ ఇందులో?"

"ఎప్పుడూ వేసినంతే."

"ఎప్పుడూ వేసే డబ్బానేనా?"

"కాదండి, కొత్తది."

"పాతదాని మీద తేదీ చూశారా?"

"చూశానండి." తర్వాత అబద్ధం చెప్పలేకపోయాను. "చూశాను గానీ చదవలేదు. నాకు చదువు రాదు మేడమ్ గారూ."

ఆవిడ నావంక చూసి, గది తలుపు దగ్గరగా వేశారు. ఎవరికీ వినపడకుండా అన్నమాట. ఆ ఒక్క పనికి ఆవిడకు జన్మంతా రుణపడి ఉంటాను. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఈ సల్ఫైట్ అస్సలు పడదు, ఊపిరి బిగుసుకుపోతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మామూలు కొలతకే పడనివాళ్లుంటారు, నేను వేసింది ఎన్నో రెట్లు. "వెంటనే ఆవిణ్ణి ఏలూరులో డాక్టరుకు చూపించండి. ఆ సీసాలు ఎవరూ ముట్టుకోకుండా చూడండి" అన్నారు.

దీవెనమ్మను డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయనా అదే మాట అన్నారు. పీల్చే మందు రాసిచ్చారు. దారంతా ఆవిడ ఒక్కటే అడిగింది. "అయితే ఇది జబ్బేనా పిన్నీ? జబ్బేనంటావా?" జబ్బని తెలిస్తే అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నిలబడటం

డాక్టరు చెబితే దీవెనమ్మ మనసు కుదుటపడింది గానీ, ఊరు మనసు మారలేదు. ఆ పని నేనే చెయ్యాలి. అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, ముందుగా చెప్పాను. ఆయన దయగల మనిషి. "మరియమ్మగారూ, నేను ప్రకటనల్లో కలిపి చెప్పేస్తానులెండి. మీ పేరు రానివ్వను" అన్నారు.

"నా పేరు రాకపోతే ఆవిడ మీద పడ్డ పేరు పోదండి" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. "దీవెనమ్మ ఊపిరి ఆగింది తప్పు చేసినందుకు కాదు. నేను రసంలో మందు పొడి ఎక్కువ వేశాను. డబ్బా మీద రాసింది చదవడం నాకు రాదు. రాదని ఇన్నాళ్లూ దాచాను. దాచింది నేను, ఆవిడ కాదు" అన్నాను. అంతే. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను గానీ అక్కడితో కూర్చున్నాను.

సంఘపెద్ద యోహానుగారు గొంతు సవరించుకున్నారు. "అంటే మరియమ్మా, నాలుగు నెలలనుంచీ మాచేత గంధకం తాగించావన్నమాట. ఘాటు ఘాటు అని నేనే కదమ్మా రెండుసార్లు మెచ్చుకున్నాను!"

జనం నవ్వారు. ఆ నవ్వులోంచి వెనక చాప మీదనుంచి దీవెనమ్మ గొంతు, పాతది, పెద్దది, వచ్చింది. "అయితే మరి నా బాతో?"

సుగుణమ్మ వెనక్కి తిరక్కుండానే అంది. "బాతు ఇవ్వనే. రసం తప్పు మరియమ్మది, బాతు తప్పు నీదే. పైగా అది గుడ్లు పెడుతోంది."

సుగుణమ్మ అలా అన్నా, లేచి వెళ్లి దీవెనమ్మ చాప మడిచి, తన పక్కన ముందు వరసలో పరిచింది.

పొడి లేని ఏడు

తప్పు చేసినవాళ్లు సాధారణంగా రెండో తప్పు వెంటనే చేస్తారు. నేనూ చేశాను. భయపడి తర్వాతి ఏడు పొడి అసలు వెయ్యలేదు. వసుంధరగారు వద్దన్నా వినలేదు. వానలు మొదలయ్యేసరికి రసం మీద తెల్లటి పొర కట్టింది, రంగు ఇటుక పొడిలా మారింది, జాడీ మూత తీస్తే వెనిగర్ వాసన. మొత్తం పెరట్లో పారబోశాను. ఎక్కువ వేసినప్పుడూ నేను రసం వంక చూడలేదు, అసలు వెయ్యనప్పుడూ చూడలేదు. మొదట అలవాటు వేయించింది, తర్వాత భయం ఆపింది. రసానికి ఏం కావాలో రెండుసార్లూ అడగలేదు.

ఆ తర్వాతే వసుంధరగారు మధ్యాహ్నం భోజనం వేళ నాకు అక్షరాలు మొదలుపెట్టారు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. నిమ్మకాయల పెట్టె మీద సుద్దముక్కతో. ముందు అంకెలు, తర్వాత డబ్బాల మీది మాటలు. శెట్టిగారు ఒకరోజు చూసేశారు. నేను గబుక్కున చేత్తో తుడిచేశాను. ఆయన వెళ్లిపోయారు. సాయంత్రం ఒక పలక, బంగారం తూచే చిన్న తూకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "చిటికెడు మానెయ్ మరియమ్మా. నేనూ మానేస్తాను" అన్నారు. తర్వాత కూడా అప్పుడప్పుడూ ఆయన నోటికి చిటికెడు వచ్చేది. నేను తూకం వైపు చూసేదాన్ని. ఆయన నవ్వి వెళ్లిపోయేవారు.

ఆడపిల్లలూ, మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ఇరవై లీటర్లకు గ్రామున్నర దగ్గర మొదలుపెట్టండి. చెంచాతో కాదు, తూకంతో. పులుపు ఎక్కువున్న కాయకు తక్కువ చాలు, పులుపు తగ్గినదానికి కాస్త ఎక్కువ కావాలి. డబ్బా తెరిచిన రోజున దాని మీద తేదీ వెయ్యండి, ఏడాది దాటితే పారెయ్యండి, కక్కుర్తి పడకండి. వేసే ముందు ప్రతిసారీ అయోడిన్ చుక్కలతో పరీక్ష చెయ్యండి. పొడి వేసేటప్పుడు మొహం జాడీ మీదకు వంచకండి. ఘాటుగా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే సంతోషించకండి, అనుమానించండి.

సీసా మీద పేరు

దీవెనమ్మకు గ్రామున్నర కూడా వద్దన్నారు డాక్టరు. పొడి వెయ్యకపోయినా పులిసిన రసంలో కొంత సల్ఫైట్ తనంతట తనే పుడుతుందని వసుంధరగారు చెప్పారు. అందుకని ఆవిడకు పులియబెట్టిన రసమే వద్దనుకున్నాం. ద్రాక్ష పిండి, కాచి, వడకట్టి, ఒక చిన్న సీసాలో పోసి, బల్లనాటి పొద్దున నేనే పట్టుకెళ్లాను. అయ్యగారికి అభ్యంతరం లేదు. "ద్రాక్ష ద్రాక్షేనండి" అన్నారు.

కానీ రెండు సీసాలూ ఒకే రంగు. మారిపోతే ఎలా? కాగితం ముక్క అంటించి రాయాలి. అప్పటిదాకా పలక మీదే గానీ కాగితం మీద నేనెప్పుడూ రాయలేదు. తప్పు లేకుండా రావాలని మూడు కాగితాలు పాడుచేశాను. నాలుగోది అంటించాను.

చర్చి గుమ్మంలో దీవెనమ్మ ఆ సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఆవిడకూ చదువు లేదు. "ఏం రాశావు పిన్నీ?"

"నీ పేరే."

"నా పేరు ఇంతుంటుందా?" అని దాని మీద వేలు పెట్టి ఒక చివరనుంచి ఇంకో చివరిదాకా జరిపింది.

ఇప్పుడు ఆ చర్చిలో ఆ సీసాలోంచి ముగ్గురు తాగుతారు. అందులో ఇద్దరు మగవాళ్లు. దాన్ని అందరూ దీవెనమ్మ సీసా అనే అంటారు. పని మీ చేతికొచ్చాక కాగితం మార్చండి గానీ పేరు మార్చకండి.

ఆ మొదటి రోజు బల్లకు అందరూ లేచారు. దీవెనమ్మ ముందు వరసలోంచి వెళ్లింది. అయ్యగారు చిన్న సీసాలోంచి గిన్నెలో పోసి ఇచ్చారు. ఆవిడ పుచ్చుకుంది. ఆ చర్చి పాక కింద అందరమూ ఊపిరి బిగబట్టి ఆవిడ ఊపిరి కోసం చెవులు పెట్టాం. పక్కనున్న సుగుణమ్మ అప్పుడే చెయ్యి చాపి ఉంచింది, పడితే పట్టుకోవడానికి. చెరువులో బాతుల అరుపు తప్ప ఏ చప్పుడూ లేదు.

దీవెనమ్మ గిన్నె ఇచ్చేసి, వెనక్కి తిరిగి, అంతమందిలో నన్ను వెతికి పట్టుకుని, చర్చంతా వినపడేలా అంది.

"చప్పగా ఉందే పిన్నీ."